ఐదు కిలోల పాప

పేటలో అందరూ అతన్ని కాటా బావ అంటారు. వరసకు ఎవరికి బావో ఎవరికీ తెలియదు. కిరాణా కొట్టు త్రాసు దగ్గర్నుంచి బస్తాలు తూచే పెద్ద కాటా దాకా ఏది మొరాయించినా అతనే రావాలి. వచ్చినవాడు తన పని తాను చేసుకుని ఊరికే పోతాడా అంటే పోడు. "ఈ కాటా మీద పడింది నా చెయ్యి. ఇక గ్రాము తేడా వచ్చిందంటే నా చెవులు కోసి మీ గుమ్మానికి కట్టుకోండి" అని ఒక మాట అనేసి మరీ పోతాడు. ఇన్నేళ్ళలో ఆ చెవులకు ఎప్పుడూ ఢోకా రాలేదు. వచ్చిన రోజు కథ ఇది.

ఆ రోజు పొద్దున ఏడు గంటలకు కాటా బావ ఆసుపత్రి రెండో అంతస్తులో, ఆపరేషన్ గది ముందు వరండాలో, ఇనుప బల్ల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన భార్య. ఆమె భుజం మీద నాలుగు నెలల కూతురు. తెల్లవారుజామున నాలుగింటి తర్వాత పాలు పట్టకూడదన్నారు, పట్టలేదు. మత్తు ఇచ్చేటప్పుడు కడుపులో పాలుంటే పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతాయట. ఆ సంగతి పాపకు ఎవరు చెప్తారు? గుక్కపట్టి ఏడుస్తోంది. ఏడ్చినప్పుడల్లా ఎడమవైపు ముక్కు దాకా చీలిన పై పెదవి ఇంకా విచ్చుకుంటోంది.

ఇలాంటి చీలికను అందరూ గ్రహణం మొర్రి అంటారు. కాటా బావ తల్లి కూడా అదే అంది. అక్కడితో ఆగకుండా, "కడుపుతో ఉన్నప్పుడు నువ్వే ఏదో చేసుంటావు" అని కోడలి మీద విరుచుకుపడింది. పసిపిల్లల వార్డులో సిస్టర్ ఆ మాట విని అత్తాకోడళ్ళిద్దర్నీ కూర్చోబెట్టింది. "పేరులోనే గ్రహణం ఉంది పెద్దమ్మా, రోగంలో లేదు. కడుపులో బిడ్డ ముఖం రెండు పక్కల నుంచీ పెరుగుతూ వచ్చి మధ్యలో కలుస్తుంది. ఆరేడు వారాలకు పెదవి కలవాలి, ఆ తర్వాత అంగిలి కలవాలి. కొందరికి కలవదు. కొంత వంశాన్నిబట్టి వస్తుంది, కొంత ఎందుకొస్తుందో డాక్టర్లకే తెలీదు. ఆరేడు వారాలంటే మీ కోడలికి తను కడుపుతో ఉన్నట్టు కూడా సరిగ్గా తెలిసుండదు. ఇంక ఏం చేసుకుంటుంది?" అని అడిగింది.  పెద్దావిడ గొణుగుడు మాత్రం మానలేదు, అది వేరే సంగతి.

అసలు కష్టం పెదవితో కాదు, లోపల చీలిన అంగిలితో వచ్చింది. పీల్చాలంటే నోట్లో గాలి బిగియాలి. స్ట్రాకు చిల్లు పడితే ఎంత పీల్చినా ఏం వస్తుంది? పాప పరిస్థితీ అంతే. రొమ్ము పట్టుకునేది, గుటక పడేది కాదు, పడిన గుటక ముక్కులోంచి బయటికొచ్చేది. పుట్టిన మూడు వారాలకు పుట్టినప్పటి బరువు కూడా లేకుండా పోయింది. అప్పుడు సిస్టరే నేర్పింది. పిల్లను పడుకోబెట్టకుండా నిటారుగా కూర్చోబెట్టాలి. మెత్తటి పాలసీసా తీసుకుని, పిల్ల మింగేదాన్నిబట్టి కొద్దికొద్దిగా నొక్కాలి. మధ్యమధ్య భుజాన వేసుకుని త్రేన్పించాలి. ఒక్కసారి పట్టడానికి ముప్పావు గంట. రోజుకు ఎనిమిదిసార్లు. మిగతా వేళల్లో పాలు పిండుకోవాలి, సీసాలు మరిగించుకోవాలి. కాటా బావ భార్య ఈ నాలుగు నెలల్లో కూర్చున్నచోటే కునుకు తీయడం తప్ప నిద్రంటూ ఎరగదు.

ఇదంతా ఒక అంకె కోసం. ఐదు కిలోలు. పెద్దాసుపత్రి నుంచి డాక్టర్ల బృందం మూడు నెలలకోసారి ఇక్కడికొచ్చి, రెండు రోజులుండి ఈ ఆపరేషన్లు చేసి వెళ్తుంది. ఇక్కడ పసిపిల్లలకు ఐసీయూ లేదు. అందుకని ఐదు కిలోలకు తక్కువున్న పిల్లను ముట్టుకోరు. మొన్న ఆసుపత్రి కాటా మీద పాప ఐదు కిలోల అరవై గ్రాములు తూగింది. ఆ అంకె చూసి కాటా బావ, "మా కాటా అబద్ధం చెప్పదు" అని వార్డంతా వినబడేలా అన్నాడు.

మా కాటా అనడం ఎందుకంటే, దాన్ని బాగుచేసింది అతనే. నెలన్నర కిందట సిస్టర్, "అన్నా, ఈ కాటా ఒకే పిల్లని ఒకసారి మూడున్నర అంటుంది, ఇంకోసారి నాలుగంటుంది, కాస్త చూడవా" అంది. పాపను దక్కించిన మనిషి అడిగితే చూడడా? మర్నాడే పనిముట్ల సంచితో వచ్చి, విప్పి, తుడిచి, తన రెండు కిలోల తూకం రాయి దాని మీద పెట్టి, ఇది రెండు కిలోలు అని మిషనుకు నేర్పించి వెళ్ళాడు. ఇంటికెళ్ళి, పాపను రోజూ తూచే తన సొంత కాటాను కూడా అదే రాయితో సరిచేసుకున్నాడు. ఇంటి అంకె, ఆసుపత్రి అంకె ఒకటిగా ఉండాలని.

తలుపు మీద ఆ రోజు జాబితా అంటించి ఉంది. ఏడుగురు పిల్లలు. అందరికన్నా చిన్నవాళ్ళు ముందు. ఒకటో నంబరు ఎదురుబల్ల మీద కూర్చున్నావిడ కొడుకు. బుడ్డోడని పిలుస్తోంది. రెండో నంబరు కాటా బావ కూతురు.

"ఆ గిలక్కాయ ఎక్కడుందో తియ్యండి. గొంతు పోయేలా ఉంది దీనికి" అంది భార్య.

కాటా బావ సంచిలో చెయ్యి పెట్టాడు. అది అతని పనిముట్ల సంచే. నిన్న మంచి సంచి జిప్పు ఊడిపోతే, ఆమె దీంట్లోంచి పనిముట్లు తీసి గట్టు మీద పెట్టి, పాప బట్టలు సర్దేసింది. బట్టల కింద తడిమాడు. గిలక్కాయ దొరకలేదు. సంచి అడుగున పరిచిన అట్ట కింద ఇంకేదో తగిలింది. చల్లగా ఉంది. బొటనవేలంత లేదు గానీ బరువు మాత్రం ఉంది. బయటికి తీశాడు.

సీసం ముక్క. దాని మీద ప్రభుత్వ ముద్ర.

తెలియనివాళ్ళకు అది చెత్త. కాటా బావకు మాత్రం అదేమిటో తెలుసు. ఇనుప రాయి పోతపోసినప్పుడు సరిగ్గా రెండు కిలోలు తూగదు. అందుకే కాస్త తక్కువగా పోసి, అడుగున ఒక తొర్ర వదులుతారు. ఆ తొర్రలో సీసం కూరి, బరువు సరిపోయాక ఆ సీసం మీద ముద్ర కొడతారు. ఆ ముక్క ఊడిపోతే రాయి రాయిలాగే ఉంటుంది, రెండు కిలోలు మాత్రం ఉండదు. ఈ ముక్క తన రెండు కిలోల రాయిదే. ముద్ర మీద ఏడాది చూస్తే తెలిసిపోయింది. చేతిలో ఆడించాడు. వంద గ్రాములు. అతని చెయ్యి అంత దూరం మోసపోదు.

నిన్న ఊడిందేమో అనుకున్నాడు. మొన్న ఊడిందేమో. కాటా సరిచేసిన రోజు మాత్రం ఉండే ఉంటుంది. మునిగిపోయేవాడు ఏదో ఒకటి పట్టుకోవాలి కదా. అంతలోనే పాప బరువులు రాసుకున్న కార్డు గుర్తొచ్చింది. తీసి చూశాడు. అంతా తన చేతిరాతే. కాటా సరిచేయక ముందు ఆదివారం, మూడువేల తొమ్మిదొందల ఐదు. సరిచేశాక సోమవారం, నాలుగువేల నూట ముప్పై.

ఒక్క రోజులో రెండొందల పాతిక గ్రాములు. పాలు మింగడానికే అవస్థ పడే పిల్ల.

ఆ సోమవారం అతనికి బాగా గుర్తుంది. ఆ అంకె చూసి భార్య నవ్వింది. పాప పుట్టాక ఆమె నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు చూశాక ఎవడికి అనుమానం వస్తుంది? ఇన్నాళ్ళూ పాత కాటా తక్కువ చూపించిందిలే అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు. ఇంకో మనిషి ఎవరైనా అయ్యుంటే కాటాను అనుమానించేవాడు. కాటాల మెకానిక్ గనక తన రాయిని నమ్మాడు. పని నేర్పిన మేనమామ మొదటిరోజే చెప్పాడు, రాయి ఎత్తితే ముందు అడుగు చూడరా అని. పాతికేళ్ళుగా చూస్తూనే ఉన్నాడు. ఆ ఒక్కరోజు, సిస్టర్ ముందు గొప్ప పోతూ, కబుర్లు చెబుతూ, చూడలేదు.

"ఏంటది?" అంది భార్య.

  చెప్పాడు. మూడు ముక్కల్లో చెప్పాడు, గొంతు తగ్గించి.

ఆమె పాపను ఊపడం ఆపేసింది. "ఎంత తేడా?"

"కిలోకి యాభై గ్రాములు ఎక్కువ చూపిస్తోంది. ఐదు కిలోలకి రెండొందల యాభై."

"అంటే పాప?"

"నాలుగూ ఎనిమిదొందలు."

 పాప ఏడుపు అలసిపోయి వెక్కిళ్ళలోకి దిగింది. ఆమె అతని వైపు చూడకుండానే అంది. "ఎవరికీ చెప్పకండి."

"మత్తుమందు బరువునిబట్టే..."

"రెండొందల గ్రాములు. నాలుగు గుక్కల పాలు. దానికోసం మళ్ళీ మూడు నెలలు నేను ఈ పిల్ల ముఖానికి గుడ్డ కప్పుకుని తిరగలేను. బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళు గుడ్డ ఎత్తి చూసి ముఖం తిప్పుకుంటారు. మీరు చూడలేదు, నేను చూశాను. నా వల్ల కాదు. ఆ ముక్క సంచిలో పడేయండి."

కాటా బావ ఆ ముక్కను సంచిలో వేయలేదు, జేబులో వేసుకున్నాడు. నిజం చెప్పాలంటే ఆ మాటకు అతని ప్రాణం కాస్త కుదుటపడింది కూడా. వద్దన్నది ఆమె. తను చెబుదామనే అనుకున్నాడు కదా. పేటలో తలెత్తుకు తిరగొచ్చు, సిస్టర్ ముందు తల దించుకోనక్కర్లేదు, చెవులు చెవుల్లాగే ఉంటాయి. మనిషి తనను తాను ఎంత చౌకగా కొనేసుకుంటాడో చూడండి.

తలుపు తెరుచుకుంది. సిస్టర్ వచ్చి ఒకటో నంబరు అంది. ఎదురుబల్ల మీద ఆవిడ లేచింది. బుడ్డోణ్ణి సిస్టర్ చేతికి అందించి, వాడి కాలు కాసేపు వదల్లేకపోయింది. సన్నటి కాలు. వదిలాక ఎటు చూడాలో తెలియక కాటా బావ వైపు తిరిగింది.

"నీ కాటా చలవే అన్నా. సిస్టర్ చెప్పింది, దాన్ని నువ్వే బాగుచేశావట. మావాడు ఐదు మీద పది గ్రాములు తూగాడు. పది గ్రాముల్లో గట్టెక్కాడు" అంది.

తలుపు మూసుకుంది. పైన ఎర్రదీపం వెలిగింది.

కాటా బావ బుర్ర అతని ప్రమేయం లేకుండానే లెక్క కట్టేసింది. ఐదువేల పదిలోంచి వందకు ఐదు తీసేస్తే నాలుగువేల ఏడొందల అరవై. తన కూతురి కన్నా తక్కువ. ఆ సన్నటి కాలుకు ఇప్పుడు సూది పొడుస్తారు. అందులో మందు, తన తొర్ర రాయి చెప్పిన బరువుకు. వాడు లేవకపోతే? ఎవరికీ తెలియదు. పసివాడు, తట్టుకోలేకపోయాడు అంటారు. తనకొక్కడికే తెలుస్తుంది. తనకూ, పక్కన కూర్చున్న ఈ మనిషికీ.

లేచాడు. భార్య అతని చొక్కా పట్టుకుంది. గట్టిగా, పిడికిలితో పట్టుకుంది. అతను ఆమె ముఖం చూశాడు. ఆమె ఎదురుబల్ల వైపు చూస్తోంది. అక్కడ ఆవిడ ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని, తలుపు మీది దీపం కేసి చూస్తోంది. భార్య పిడికిలి మెల్లగా వదులైంది.

అతను వెళ్ళి తలుపు బాదాడు. ఆపరేషన్ గది తలుపు ఎవరూ బాదరు. సిస్టర్ అగ్గి మీద గుగ్గిలమై బయటికొచ్చింది. "ఏమైంది అన్నా నీకు? మతి ఉందా?"

"మందు ఇవ్వద్దు. కాటా తప్పు. నేనే తప్పు చేశా" అన్నాడు. జేబులోంచి సీసం ముక్క తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. ఆమెకేం అర్థమవుతుంది? కానీ అతని ముఖం అర్థమైంది. మళ్ళీ మాట్లాడకుండా లోపలికి పరిగెత్తింది.

మత్తు డాక్టరమ్మ మాస్కు కిందికి లాక్కుంటూ వచ్చింది. మొత్తం విన్నది. మధ్యలో అడ్డం రాలేదు. "రుజువు చూపించగలవా? ఇప్పుడే?" అంది.

"వంటగదిలో కూరగాయలు తూచే త్రాసుంది. దాని రాళ్ళకు ముద్ర వేయించి రెండు నెలలు కాలేదు."

మెట్లు ఎలా దిగాడో, ఎలా ఎక్కాడో అతనికే తెలియదు. వంటగది రాయితో వచ్చాడు. ముందు దాన్ని తలకిందులు చేసి అడుగు చూశాడు, డాక్టరమ్మకూ చూపించాడు. సీసం నిండుగా ఉంది, ముద్ర మెరుస్తోంది. సిస్టర్ రాయిని స్పిరిట్‌తో తుడిచింది. పిల్లల కాటా మీద పెట్టారు. ముగ్గురూ వంగి చూశారు.

రెండు కిలోల నూట ఐదు.

 "వాడి మందులు లెక్క కట్టి సూదుల్లోకి తీసి పెట్టుకున్నాను. ఇంకో నిమిషమైతే మొదలుపెట్టేదాన్ని" అంది డాక్టరమ్మ. కాటా బావను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "సరిచెయ్యి. ఏడుగుర్నీ మళ్ళీ తూద్దాం."

సరిచేశాడు. ఈసారి వంటగది రాయితో. ఒక్కొక్కరినే తెచ్చారు. నలుగురు ఐదు దాటారు. ముగ్గురు దాటలేదు. బుడ్డోడు నాలుగువేల ఏడొందల అరవై. కాటా బావ కూతురు నాలుగువేల ఎనిమిదొందల ఐదు. మూడో పిల్ల తండ్రి నోరెత్తకుండా సామాను సర్దుకున్నాడు. బుడ్డోడి తల్లి మాత్రం ఊరుకోలేదు.

"లోపలికి వెళ్ళినోణ్ణి వెనక్కి తెప్పించావు. నీ నోరు పడిపోను, ఈ మాటేదో నెల ముందు చెప్తే ఇంకో గుక్క పాలు పట్టేదాన్ని కదా. నీ కాటాని నమ్మి హాయిగా ఉన్నా కదా" అంది. అని, ఏడ్చింది. కాటా బావ తలొంచుకుని నిలబడ్డాడు. అందులో ఒక్క మాట కూడా తప్పు కాదు.

డాక్టరమ్మ వచ్చి తల్లులిద్దర్నీ కూర్చోబెట్టింది. "పెదవి మూడు నెలలు ఆలస్యమైతే కొంపలు మునగవమ్మా. మత్తులో తేడా వస్తే మునుగుతాయి. ఇది కుట్టాక కూడా పని అయిపోదు. ఏడాది లోపల అంగిలి కుట్టాలి, మాటలు రాకముందే. చెవుల్లో చీము పట్టకుండా చూసుకోవాలి. మాటలు నేర్పేవాళ్ళ దగ్గరికి తిప్పాలి. చాలా దూరం నడవాలి మీరు. మొదటి అడుగు జాగ్రత్తగా వేద్దాం. ముందు పిల్లలకి పాలు పట్టండి" అని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. నాలుగో నంబరు పాప ఒకటో నంబరయింది.

కాటా బావ భార్య పాలసీసా తీసింది. పాపను నిటారుగా ఒళ్ళో కూర్చోబెట్టుకుని, నొక్కుతూ, ఆగుతూ, మళ్ళీ నొక్కుతూ పట్టింది. ఆకలి మీదున్న పిల్ల గుటగుటా మింగింది. ముప్పావు గంటా భర్తతో ఒక్క మాట మాట్లాడలేదు. అతనికి ఆ ముప్పావు గంటలో ముప్పావు ఆయుష్షు తీరిపోయింది. త్రేన్పించి, మూతి తుడిచి, అప్పుడు చెయ్యి చాపింది.

"ఆ కార్డు ఇలా ఇవ్వండి."

ఇచ్చాడు. నలభై రెండు రోజుల అంకెలు. ఆమె వేలు మొదటి సోమవారం మీద పెట్టింది.

"ఇది తప్పు."

"ఆఁ."

"మొన్నటిదీ తప్పే."

"తప్పే. అన్నీ తప్పులే."

"మధ్యలో పెరిగింది?"

 ఆమె ఏం అడుగుతోందో అతనికి అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. "తొమ్మిదొందల ముప్పై పెరిగినట్టు చూపిస్తోంది. అందులోంచి కూడా వందకి ఐదు తీసెయ్యాలి" అన్నాడు.

"తీసెయ్యండి. ఎంత?"

"ఎనిమిదొందల ఎనభై నాలుగు."

"అది నిజమేనా? మళ్ళీ అందులో ఏమీ ఊడదు కదా?"

"నిజమే. రోజుకి ఇరవై ఒకటి."

"అది నేను పట్టిన పాలు" అంది ఆమె. అప్పుడు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "మీ రాయి కాదు. నేను పట్టిన పాలు." కొంగుతో ముఖం తుడుచుకుని, "ఇంకెన్ని రోజులు?" అంది.

"తొమ్మిది. మహా అయితే పది."

పది రోజుల్లో ఐదు కిలోలు అవుతుంది. డాక్టర్లు వచ్చేది తొంభై రోజులకు. ఆ తేడా ఎవరి నెత్తిన ఉందో ఇద్దరికీ తెలుసు. ఆమె ఆ మాట ఎత్తలేదు. ఎత్తే రోజు వస్తుంది, అది అతనికీ తెలుసు.

అప్పుడు ఎదురుబల్ల దగ్గర అలికిడయింది. బుడ్డోడి తల్లి కొడుకును భుజాన వేసుకుని వచ్చి ముందు నిలబడింది. వాడు తాగిన పాలలో సగం ముక్కులోంచి కారి ఆమె జాకెట్టు తడిసిపోయి ఉంది. కాటా బావ భార్య అది చూసింది. పక్కకు జరిగి చోటిచ్చి, "వాణ్ణి పడుకోబెట్టి పాలు పడుతున్నారా? కూర్చోండి, చూపిస్తా" అంది.

ఆవిడ కూర్చుంది. కాటా బావ ముఖం చూడలేదు. చేతిలో ఉన్న బుడ్డోడి కార్డు మాత్రం అతని ముందు బల్ల మీద పెట్టింది.

"మావాడిది కూడా చెప్పు" అంది. "నిజం ఎంతో అది."

అతను కార్డు తీసుకున్నాడు. పూచీ మాట అనలేదు, చెవుల మాట ఎత్తలేదు. మొదటి వరస నుంచి లెక్క కట్టడం మొదలుపెట్టాడు.